ఎక్స్‌ట్రాలు

మా ఊరికి పేరు లేదు, నెంబరే: అరవై ఒకటి.
మా మైదానానికి అదీ లేదు.
ఉత్తరాన సముద్రపు గోడ. పోటు వేళ నీళ్లు
మా తలల కంటే ఎత్తున ఉంటాయని
భూగోళం సారు బోర్డు మీద గీత గీసి చూపించాడు.
అప్పట్నుంచి గోడ వైపు ఫీల్డింగ్‌కి
మోర్టిమర్ వెళ్లనంటాడు.

నాకు బంతంటే భయం. అందుకే స్కోరు రాస్తాను.
రెండు పెన్సిళ్లు, ఒక రబ్బరు,
గయానా గాలికి పేజీలు లేవకుండా
అమ్మ దండెం మీది బట్టల క్లిప్పులు.

సెప్టెంబరులో మొదటి ఆట. యాభై నాలుగుకి ఆలౌట్.
అందులో పంతొమ్మిది ఎక్స్‌ట్రాలు:
ఎవరూ కొట్టనివి, ఎవరి పేరు పక్కనా పడనివి,
అయినా మొత్తంలో కలిసేవి.
"మీ జట్టులో అందరికంటే బాగా ఆడింది ఆయనే"
అన్నాడు అవతలి స్కోరరు.
నేను నవ్వలేదు. ఇంటికెళ్లాక నవ్వొచ్చింది.

ఓడితే శనివారం మడచెట్లు నాటాలని
ఆజ్లిన్ టీచర్ రూలు.
గెలిస్తే?
గెలిచినా నాటాలి, కాకపోతే పాడుకుంటూ.
మేం పాడకుండానే నాటాం, వరసగా మూడు వారాలు.
గోడకి అవతల మోకాలి లోతు బురద.
కెజియా ఎడమ బూటు ఇప్పటికీ అందులోనే ఉంది.
నాలుగు వందల మొక్కల్లో
పీతలు కొరికినవి పోగా నూట ఎనభై.

అక్టోబరు. రోడ్డుకి ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు.
తులారాం నలభై దాటి ఆడుతున్నాడు, మొదటిసారి.
ఆకాశం నుంచి రెండు చుక్కలు రాలాయి.
ప్యాడ్లతోనే పరిగెత్తాడు రోడ్డు మీదికి,
వెనకాల మా వాళ్లు, ఆ వెనక అవతలి జట్టు,
చివరికి టోపీలు పట్టుకుని ఇద్దరు అంపైర్లు.
పారలు, చీపుళ్లు, గోనె సంచులు, సైట్‌స్క్రీన్ గుడ్డ.
నూట పన్నెండు బస్తాలు. లెక్కపెట్టాను, అలవాటు కదా.
పుస్తకంలో మాత్రం, వర్షం వల్ల ఆట రద్దు.
నిజానికి వాన ఆ రెండు చుక్కలే.

మిడ్‌వికెట్ అవతల పొడుగు కాళ్ల ఇల్లు
ఐనెటా అవ్వది. చూపు లేదు.
మేం పగలగొట్టిన కిటికీ మేమే బిగించాం, వంకరగా.
దానికి బదులు కూలి ఒకటే అడిగింది:
ప్రతి ఆటా సాయంత్రం వచ్చి చదివి వినిపించాలి.
నేను ఫోర్లూ వికెట్లూ చదివేదాన్ని.
"మధ్యలో ఏం జరిగింది?"
ఏమీ లేదవ్వా, చుక్కలు.
"చుక్కలూ చదువు."
చుక్క, చుక్క, చుక్క, ఒకటి, చుక్క.
కుర్చీలో ఊగుతూ వినేది, అదేదో కథైనట్టు.

డిసెంబరు, ఆఖరి ఆట. రాత్రంతా కురిసింది.
కాలువ నీటిని సముద్రంలోకి వదిలే కోకర్ తలుపు
ధన్‌పాల్ మామ ఎత్తాలి. ఆయనకి జ్వరం.
ఆటుకి ముందే ఎత్తి ఉంచకపోతే
పిచ్చే కాదు, అవ్వ మెట్లు కూడా మునుగుతాయి.
ధన్‌పాల్ గ్లవ్స్ విప్పి నా చేతుల్లో పెట్టి
సైకిలెక్కి పోయాడు.

పదకొండో బ్యాటు నేనే.
పెన్సిలు చెవి మీదే మరిచిపోయాను.
గెలవడానికి నాలుగు.
ఒకటి కనిపించలేదు. రెండోది వినిపించింది.
మూడోది మోచేతికి తగిలి ఎటో పోయింది,
"పరిగెత్తు" అని కెజియా ఒంటి బూటుతో అరిచింది.
మోచేతికి తగిలినా లెగ్‌బై అనే అంటారు, ఎందుకో.
తర్వాతి బంతికి కెజియా అవుటు. రెండు పరుగులతో ఓటమి.

సాయంత్రం అవ్వ దగ్గర కూర్చున్నాను.
ఎడం చేత్తో పేజీ తిప్పుతుంటే అడిగింది,
"ఆ చివరి పరుగు ఎవరిది?"
ఎవరిదీ కాదు. ఎక్స్‌ట్రా.
కుడి చెయ్యి తడుముకుంటూ వచ్చి
వాపు దగ్గర ఆగింది. చాలాసేపు తీయలేదు.

దూరంగా కోకర్ తలుపు దిగిన చప్పుడు.
పోటు మొదలైంది.
"ఊఁ" అంది అవ్వ, "మొదటి ఓవర్ నుంచి రా.
చుక్కలు వదిలెయ్యకు."