పదమూడు వందల అరవై

రాత్రి పదకొండు దాటింది రోస్ట్ దీవిలో.
కిటికీ బయట కొయ్యదడులకు వేలాడే కాడ్ చేపలు
గాలికి ఒకదాన్నొకటి తట్టుకుని
కట్టెల మోపులా చప్పుడు చేస్తున్నాయి.
పొద్దున ఆరింటికి ఓడ.
ఈలోపు తూకాల చిట్టా
సముద్రం అవతల బోడోలో సర్వర్‌కి చేరాలి.

నేను గుడ్వైగ్‌ని, చేపల గోదాములో లెక్కలు రాస్తాను.
నల్లతెర మీద ఆదేశాలు కొట్టడం నా కొలువులో లేదు,
ఓడ్లైఫ్ కొలువులో ఉండేది.
అతను అక్టోబరులో రిటైరయ్యాడు.
పాత కంప్యూటరు కూడా ఆ వారమే పోయింది,
ఎవరి మీద బెంగతో ఎవరు పోయారో.
మానిటరు అంచున అతని చీటీ ఒక్కటే మిగిలింది:
"ఎస్‌ఎఫ్‌టీపీ కదలకపోతే వి పెట్టు.
అప్పటికీ కదలకపోతే ఇంకో వి."

మొదట అది కేకలేసింది:
అవతలి యంత్రం మొహం మారింది,
మధ్యలో ఎవరో పొంచి వింటూ ఉండొచ్చు!
మధ్యలో ఉన్నది వంద కిలోమీటర్ల నీళ్ళు.
అయినా అనుమానం చెవిన పడ్డాక
"అవును" కొట్టబోయిన వేలు గాల్లోనే ఉండిపోయింది.

ఫోన్ చేశాను. తూర్గున్ ఎత్తింది, గొంతు నిండా నిద్ర.
"సోమవారం సర్వర్ మార్చాం. వేలిముద్ర చదువుతాను, సరిచూసుకో."
పెద్ద కె. చిన్న క్యూ. ఏడు. కూడిక గుర్తు.
మళ్ళీ చిన్న క్యూ.
ఒకరి మొహం ఒకరం ఎరగని ఇద్దరం
ఏ భాషలోనూ అర్థం లేని నలభై మూడు అక్షరాలు
పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పుకున్నాం.
ఒక్కటీ తప్పలేదు. అప్పుడన్నాను "అవును".
పెళ్ళినాడు కూడా ఇంత విచారించి అనలేదు.

తర్వాత తాళంచెవి పేచీ.
పెన్‌డ్రైవ్ నుంచి తెచ్చి డెస్క్‌టాప్ మీదే పడేశాను కదా,
దారినపోయే ప్రతివాడూ చదవొచ్చట.
నోట్లో నువ్వుగింజ నానని ఇంట్లో
రహస్యం దాస్తావా అని మొహానే తిరగ్గొట్టింది.
అందరి పేర్లూ కొట్టేసి నా పేరొక్కటే ఉంచాను.
తలుపు తీసింది.

ఇక అయిపోయిందనుకుని కాఫీ పోసుకున్నాను.

ముప్ఫై నాలుగు శాతం.
ముప్ఫై నాలుగు.
కాఫీ చల్లారింది, ముప్ఫై నాలుగే.
చేపల లెక్కే కదా, తీరిగ్గా మీనమేషాలు లెక్కపెడుతోంది.

ఒక వి పెట్టాను, గొణిగింది.
రెండు పెట్టాను, సంజాయిషీ ఇచ్చింది.
మూడో వికి కడుపులో ఉన్నదంతా కక్కింది,
తెర నిండా, నాకొక్క ముక్కా అర్థం కాలేదు.
అదే తూర్గున్‌కి చదివాను.

"పేరడిగితే చెబుతోందా?"
"చెబుతోంది. ఏ ఫోల్డర్లో ఉన్నావంటే అదీ చెబుతోంది.
బరువైంది ఎత్తేసరికి గొంతు పట్టేస్తోంది."
"అయితే దారి ఇరుకైంది. తుఫాను తర్వాత
మీ కొండ మీద కొత్త రేడియో పెట్టారుగా.
పొట్లం కొలత తగ్గిస్తూ రా."

పద్నాలుగు వందల యాభై. ఉలుకూ పలుకూ లేదు.
పద్నాలుగు వందలు. లేదు.
మా అన్న హాల్వర్‌తో పదేళ్ళుగా
డీజిల్ ధర, గాలి ఎటు, మోకాలి నొప్పి,
ఇవన్నీ చక్కగా చేరతాయి.
నాన్న పడవ ఎందుకు అమ్మావని ఎత్తానా,
అటునుంచి ఇలాంటి నిశ్శబ్దమే.
పదమూడు వందల ఎనభై. లేదు.
పదమూడు వందల అరవై.

తిరిగొచ్చింది.
గుడ్డిదీపం ముందు పురుగులా తెర మీద అంకె కదిలింది,
ముప్ఫై అయిదు, నలభై ఒకటి, తర్వాత చూడలేదు,
చీటీ కింద ఓడ్లైఫ్ రాత పక్కన
నా రాతలో ఆ కొలత రాస్తున్నాను.
నూరు శాతం అయ్యాక కూడా
తూర్గున్ ఫోన్ పెట్టలేదు.
"చేపలు ఎండాయా?" అంది.
"ఇంకా లేదు. గాలి బాగుంది."
"మంచిది," అంది.
అదీ చేరింది.