లగేజీ లేదు

పగలు నేను అంబాజీపేటలో కొబ్బరి కాటా దగ్గరుంటాను.
బస్తా భుజానికెత్తితే చాలు,
ముల్లు ఆగకముందే చెప్పేస్తాను.
అందుకే నా బేస్ యాంప్ బరువు
నాకెవరూ చెప్పక్కర్లేదు:
ముప్పై ఒకటిన్నర.
వానలో తడిసిన రోజు ముప్పై రెండు.

మండపేటలో విడిపోయిన ఓ బ్యాండు దగ్గర
పద్దెనిమిదేళ్ల కిందట కొన్నాను.
ఒక చక్రం అప్పటికే లేదు.
రెండోది మోరి గట్టు మీద ఎక్కడో ఊడిపడింది.
అప్పట్నించీ అది నడవలేదు, నేనే నడిచాను:
ఆటో వెనక సీటు, సఖినేటిపల్లి రేవు, పంటు,
నరసాపురం మెట్లు, పందిరి దాకా బురద.
డాక్టరు గారు నా వెన్ను ఎక్స్‌రే వెలుతురుకి పట్టి
"కొబ్బరి బస్తాలా?" అన్నారు.
"కాదండి, సంగీతం" అన్నాను.

మొన్న లక్కవరం పెళ్లిలో
నాలుగో పాట మధ్యలో అది ఆగిపోయింది.
ఒక్కరూ తల తిప్పలేదు.
బేస్ అంటే అంతే. గట్టు తెగినట్టు తెలీదు,
తూముకి ఎవరో అడ్డం పెట్టినట్టు
మడిలో నీరు నెమ్మదిగా లాగేస్తుంది.
డ్రమ్స్ మీద షడ్రక్ ఒక్కడే
మెట్టు లేనిచోట కాలు పెట్టినవాడిలా
నా వైపు చూశాడు.
పెళ్లికొడుకు మేనత్త మాత్రం కుర్చీలోంచి లేచి
"ఏంటర్రా, పాట పల్చబడిపోయింది" అంది.
ఆవిడ పేరు అడగలేదు. అడగాల్సింది.

పాలకొల్లులో స్టెబిలైజర్లు బాగుచేసే సత్యానందాన్ని
భీమవరం షాపుకి వెంటబెట్టుకెళ్లాను.
కుర్రాడు ఒకటి చూపించి పదకొండు కిలోలన్నాడు.
ఎత్తాను. పదకొండే.
కానీ నా చేతికి అనుమానం పోలేదు.
కాటా దగ్గర తేలికైన కాయంటే
లోపల నీళ్లింకిన కాయ.

సత్యానందం వెనక పలకకి చెవి ఆనించాడు.
"పాతదాని బరువంతా ట్రాన్స్‌ఫార్మరూ, అయస్కాంతమూ.
ఇందులో అవి చిక్కిపోయాయి.
అది చస్తే నేను బతికిస్తాను.
ఇది చస్తే బోర్డే మార్చాలి, బోర్డు మద్రాసు నుంచి రావాలి,
పెళ్లివాళ్లు దానికోసం ఆగరు."
అని, సంచిలోంచి వోల్టేజి తగ్గించే డబ్బా తీశాడు.
కుర్రాడు మొహం చిట్లించాడు.
రెండొందల ముప్పై. రెండొందలు. నూట ఎనభై.
ఆఖరికి, రొయ్యల చెరువుల ఏరేటర్లూ పెళ్లి సీరియల్ సెట్లూ
ఒక్కసారి లాగితే మా ఊళ్లో మిగిలే నూట అరవై ఐదు.
పక్కన తగిలించిన బల్బు పండుటాకు రంగుకి దిగింది.
యాంప్ పలుకుతూనే ఉంది.

నేను వేళ్ల విద్యలేవీ చెయ్యలేదు.
లావు తీగని ఒక్కసారి మీటి వదిలేశాను.
పంటు ఇంజను నడిగోదారిలో
వేగం తగ్గించుకుని మూలిగే స్వరం, కాస్త కింద.
అరలో తబలాలు ఉలిక్కిపడ్డాయి,
గాజు తలుపు జలదరించింది,
డబ్బా మాత్రం కిర్రుమనలేదు.
స్వరం పూర్తిగా ఆరిపోయేదాకా నిలబడ్డాను.
పాతది ఛాతీలోంచి మాట్లాడేది,
ఇది గొంతులోంచి. అబద్ధం చెప్పను.
కానీ మాట తప్పేలా లేదు.

ముప్పై ఎనిమిది వేలు.
సగం చీటీ డబ్బు, సగం షడ్రక్ అప్పు.
పాతదాన్ని అమ్మలేదు. సత్యానందం బాగుచేశాక
మా చర్చిలో కిటికీ కింద పెడతాం,
ఇక దానికి ప్రయాణాల్లేవు.

సాయంత్రం నరసాపురం రేవులో
కొత్తదాన్ని ఒంటిచేత్తో పట్టుకుని పంటెక్కాను.
ఎడమ భుజం ఇంకా కిందకే వంగి ఉంది,
లేని ఇరవై కిలోలకి జవాబు చెబుతున్నట్టు.
ఇన్నేళ్లూ మనిషికో టిక్కెట్టు, డబ్బాకో టిక్కెట్టు కొట్టిన పల్లాలు
దాన్ని కిందకీ పైకీ చూసి
"ఆయ్, దీనికి లగేజీ లేదండి, పదండి" అన్నాడు.

ఎందుకో చిన్నతనంగా అనిపించింది.
జేబులోంచి పది కాగితం తీసి
"పర్లేదు, కొట్టు" అన్నాను.