సున్నా టికెట్

ఏడో నెల పడ్డ తెల్లారి
పిల్లలను తీస్కొని జూకు పోయిన.
ఇంత ఎండల ఏం అక్కెర, అన్నది మా అత్త.
అక్కెర ఏందో నాకు సుత తెల్వదు.
మగ్గం గుంటల కూసున్న మా ఆయన
తలకాయ లేపకుంటనే
నీళ్ళ సీస మర్వకు, అన్నడు.

పోచమ్మమైదాన్ల బస్సెక్కినం.
కండక్టరమ్మ ఆధార్ చూసి, కడుపు చూసి,
ముందు సీట్ల ఉన్న కాలేజి పిలగాన్ని లేపింది.
నాకొక సున్నా టికెట్. లహరికొక సున్నా టికెట్.
నందుగాడు మూడేండ్లోడు, వానికి అదిసుత లేదు,
ఏడ్చిండు.
లహరి నా కడుపు మీద వేలు పెట్టి
మరి గీ పాపకు? అని అడిగింది.
కండక్టరమ్మ మిషిన్ ఆపి
ఆలోచన చేసినట్టు చేసి
ఆడపిల్లయితే ఎట్లైన సున్నానే,
మొగోడైతే ఐదేండ్ల దాంక నేనేమడుగ, అన్నది.
బస్సంత నవ్వింది.
నేను సుత నవ్విన.
నవ్వంగ నవ్వంగ ఉచ్చ కొంచెం ఆగలేదు,
ఎవ్వరికి చెప్తం.

హన్మకొండ చౌరస్తాల దిగినంక
జూ లేదు గీ లేదు, బాత్రూం కావాలె.
హోటలోడు లేదన్నడు. మందుల షాపోడు ఖరాబైందన్నడు.
చీరల దుకాణం మెట్లెక్కిన.
ఎసొంటివి చూపియ్యాల్నక్కా, అని పిలగాడు
అప్పటికే నాలుగు చీరలు పరిచిండు.
నేను మెరూన్ రంగు అంచు పట్టుకొని
ఇది పాలిస్టరా అని అడుగుతున్న,
లహరి గట్టిగ, దుకాణమంత ఇనేటట్టు,
మా అమ్మకు ఒంటికొస్తుంది.

గల్లా కాడ ముసలి సేటు
లెక్కల పుస్తకంలకెల్లి కండ్లు ఎత్తకుంట
వెనుక తలుపు దిక్కు పెన్ను చూపెట్టిండు.
ఆ ఎత్తని కండ్లకు మనసుల మొక్కిన.
నేను తిరిగొచ్చేటాలకు నందుగాడు
పరిచిన చీరల మీద బోర్ల పడి ఈత కొడుతున్నడు.

జూల చిరుత పండుకున్నది.
ఎలుగు మాకు వీపు చూపెట్టింది.
మొసలి రాయి లెక్క ఉన్నది, రాయి మొసలి లెక్క,
ఏదేదో మేం తేల్చలే.
జాలి అవతల ఒక దుప్పి, సూడిది,
మందకు కొంచెం దూరం నిలవడ్డది.
నేను దాన్ని చూసిన, అది నన్ను చూసింది.
నడుం మీద చెయ్యి నేను పెట్టుకున్న,
అది ఏం పెట్టుకుంటది పాపం.
దాని పెద్దపిల్లలేవమ్మా?
ఇంటికాడ ఉన్నరు, వాళ్ళ నాయినమ్మ దగ్గర.
మరి ఎందుకు తేలే? అన్నది లహరి
కొంచెం కోపంగనే.

తిరిగి వస్తుంటె నందుగాడు ఎత్తుకోమన్నడు.
పదమూడు కిలోలు. బరువు లేపొద్దన్నది డాక్టరమ్మ.
ఆ చెట్టు దాంక నడువురా అన్న,
ఆ కుర్చీ దాంక నడువురా అన్న,
తొవ్వ మీద కూలవడ్డడు.
ఎత్తుకున్న.
వాని మోకాలు కడుపు పక్కకు ఆనంగనే
లోపలిది ఫట్టున తన్నింది.
ఉలిక్కిపడ్డడు.
అమ్మా నన్ను తన్నింది.
జరుగుమంటున్నది, అన్నది లహరి.
కాదు, నిన్ను పిలుస్తున్నదిరా, అన్న నేను.
మా ఇద్దర్ల ఎవరిది నిజమో
రెండు నెలలైతె తెలుస్తది.
వాడు చాన సేపు నా కడుపు దిక్కు చూసి
దిగుత, అన్నడు.
గేటు దాంక నా చెయ్యి పట్టుకొని నడిచిండు,
ఇంకో చెయ్యి లహరిది.
రెండు చేతులు సరిపోయినయి, ఇయ్యాల్టికి.

రాత్రి చెప్పులిడిస్తె పాదాల మీద పట్టీల గుంటలు పడ్డయి,
మా ఆయన వేలుపెట్టి చూసి ఏమనలే,
బకెట్ల గోరెచ్చటి నీళ్ళు తెచ్చిండు.
నందుగాడు అన్నం తినుకుంటనే నిద్రపోయిండు.
లహరి తన టికెట్ నడిమికి చింపి
ఒక తునక తమ్ముని పిడికిట్ల పెట్టింది,
ఇంకో తునక నా ఆస్పత్రి ఫైల్ల,
స్కానింగు ఫొటో పక్కన.
సగం సున్నా.
మంగళారం నర్సమ్మ ఫైలు తెరిస్తె
ఏమంటదో.