లోలుయికి రెండు గడులు

ఎంటెబ్బెలో మూడో అంతస్తు. కరెంటు పోయి వచ్చింది.
నల్లని తెర మీద సెట్టింగుల ఫైలు,
నూట పన్నెండు వరుసలు,
ఒక్కోదాని ఎదురుగా ఒక అంకె, లేదా అవును, లేదా కాదు.

ముందు హద్దు గీయాలి.
పడమటి గీత ర్వెంజోరి కొండల మీద పడితే
మూడో రోజుకే మోడల్ పేలిపోతుంది.
నకిర్యా దాన్ని కాంగో అడవిలోకి జరిపింది,
పక్కవాడి పొలంలోకి గట్టు జరిపినట్టు.
"అడవి పంచాయితీ పెట్టదులే" అంది.

తర్వాత సరస్సు.
ఎవరూ ముట్టుకోకపోతే అక్కడ సున్నా ఉంటుంది.
సున్నా అంటే విక్టోరియాకు సొంత వేడి లేదని,
మొంబాసా అవతలి సముద్రం దగ్గర
వెచ్చదనం చేబదులు తెచ్చుకుంటుందని.
సున్నా తీసి ఒకటి పెట్టాను.

వానకు నాలుగు పద్ధతులున్నాయి.
మొదటిది మధ్యాహ్నమే కురిసి చేతులు దులుపుకుంటుంది,
అయిదింటికి సంచీ సర్దుకునే గుమాస్తా.
మా సరస్సు మీద వాన తెల్లవారుజామున మూడింటికి వస్తుంది,
పడవలన్నీ నడిమధ్యన ఉండగా.

అసలు తగువు గడి కొలత దగ్గర.
పన్నెండు కిలోమీటర్లు పెడితే రెండు రోజుల పని.
నాలుగు పెడితే యాభై నాలుగు.
పన్నెండులో నీళ్ళు ఎక్కువున్న గడి మొత్తం నీళ్ళే.
లోలుయి దీవి అలాగే పోయింది
దాని బండలతో, బండల మీద ఎండే ముకేనె చేపలతో,
పైకప్పు రేకులు సగమే వేసిన బడితో.

పోయిన నెల లైఫ్ జాకెట్ల మీటింగుకొచ్చిన ఒగుట్టు
"మా ఊరేదమ్మా?" అనడిగాడు.
నకిర్యా నీలం గడి చూపించింది.
ఆయన దాని మీద వేలు పెట్టి, కాసేపుంచి,
తీసి, చొక్కాకి తుడుచుకున్నాడు.
"ఏప్రిల్‌లో మా తమ్ముడి పడవ బోర్లాపడిన చోటూ
ఇదే రంగే" అని, టీ తాగకుండానే లేచాడు.

సర్వర్ మాకిచ్చింది ఇరవై రోజులు.
ముప్పై ఏళ్ళ వాతావరణం కావాలని పై ఆఫీసు రాసింది.
లెక్క వేశాం, చెరిపాం, మళ్ళీ వేశాం.
నాలుగే పెట్టి
ముప్పై ఏళ్ళను పదకొండుకి కోశాం.
తిట్లు తర్వాత వస్తాయి. రానీ.

లోలుయి తేలింది, రెండు గడులు.
నేల రకం అన్నచోట "గడ్డి" అని ఉంది.
బడి అనే రకం ఆ పట్టికలో లేదు, వెతికాను.

నకిర్యా ఎంటర్ నొక్కింది. ఫ్యాన్లు హోరెత్తాయి.
మొదటి నెల లెక్కలు నమ్మకూడదు, పారెయ్యాలి,
నేల తన తడి తాను గుర్తుతెచ్చుకునేదాకా.
లైట్లు మరోసారి మినుకుమన్నాయి.
జనరేటర్‌లో డీజిల్ ఎంతుందో చూద్దామని
నేను మెట్లు దిగాను.