సముద్రం ఏ చేతివైపు

ఫోనెత్తగానే నేనడిగే మొదటి మాట ఇదే:
సముద్రం నీకు ఏ చేతివైపు?

ఊరి పేరు అడిగి లాభం లేదు.
మూడు దేశాలు దాటొచ్చిన మనిషికి
చీకట్లో ఊళ్ళన్నీ ఒకటే కిరోసిన్ దీపం.
ఎడమ అంటే లోమేకి సరుకుతో పోతున్నవాడు,
కుడి అంటే కొటోనూకి తిరిగొస్తున్నవాడు.
ఏ హోరూ వినపడటం లేదన్నాడంటే
తీరం వదిలి మడుగులవైపు తిరిగాడన్నమాట.

"ఎడమ" అన్నాడు హమాని, రాత్రి ఒంటిగంటన్నరకి.
కాస్త ఆగి, "మీ ఆయనకివ్వమ్మా ఫోను" అన్నాడు.
"ఆయన పానా పట్టడు, టైలరు" అన్నాను.

మోపెడ్ వెనక పెట్టె కట్టుకుని
గ్రాన్ పోపో దాటాను.
కొబ్బరి మొదళ్ళ దాకా వచ్చేసింది సముద్రం.
మా నాన్న చిన్నప్పుడు నడిచిన రోడ్డు
ఇప్పుడు అలల అడుగున ఎక్కడో ఉంది,
దాని మీద ఏ బండీ ఆగిపోదు.

లారీ కంటే ముందు కొమ్మలు కనిపిస్తాయి.
బండి చెడితే ఇక్కడ ఎర్ర త్రికోణాలు పెట్టేదెవరు?
చేతికందిన కొమ్మ విరిచి దారి పొడుగునా పరుస్తారు.
ఆకు పచ్చగా ఉంటే ఇవాళ్టి కష్టం.
అంచులు ముడుచుకుంటే నిన్నటిది.
గలగలలాడుతుంటే
డ్రైవరు బండి కిందే వండుకు తింటున్నాడు,
ఓనరు ఫోనెత్తడం మానేశాడు.

హమానివి పచ్చివే. ఇంకా పాలు కారుతున్నాయి.

ఒక చెప్పు తెగిన మనిషిలా
కుడిపక్కకి ఒరిగి ఉంది లారీ.
ముప్ఫై టన్నుల ఎర్రుల్లి, నైజర్ నుంచి.
కమాను కట్టలో పెద్ద పట్టీ రెండు ముక్కలు.
ఆ విరుపులో సగం తుప్పు, సగం మెరుపు.
అంటే ఎన్నాళ్ళ నుంచో విరుగుతూనే ఉంది,
ఇవాళ వినపడింది, అంతే.

క్లీనరు కుర్రాడు లావాలి టార్చి పట్టాడు.
నిద్ర ముంచుకొచ్చినప్పుడల్లా వెలుగు
నా చేతుల మీంచి జారి ఇసుకలోకి పోయేది,
"ఒరే" అంటే తిరిగొచ్చేది.
బోల్టుకీ నట్టుకీ మధ్య ఉప్పు కాపురం పెట్టింది.
డీజిల్ పోసి, కొట్టి, బతిమాలి, మళ్ళీ కొట్టి
తెల్లారగట్ల దాన్ని ఊడదీశాను.
పైన, ఒరిగిన వైపు బస్తాలు నలిగి
ఘాటు కిందికి దిగుతుంటే
ముగ్గురం కళ్ళు తుడుచుకుంటూ పని చేశాం.
ఎవరి సంగతీ ఎవరూ అడగలేదు.

డబ్బు సగమే ఉందన్నాడు.
మిగతా సగానికి ఓ బస్తా దించాడు.
సరే, ఉల్లి కూడా చెల్లుతుంది మా ఇంట్లో.

ఇంజను మొదలయ్యాక
చక్రం కింద నా రాయి కోసం వంగాను.
"వదిలెయ్, రాళ్ళకేం కరువు" అన్నాడు కిటికీలోంచి.

కరువే.
ఈ తీరంలో రాయి పుట్టదు.
తవ్వితే ఇసుక, ఇంకా తవ్వితే నీళ్ళు.
రోడ్డు మీద రాయి ఉందంటే
ఎవరో ఒక చక్రాన్ని ఆపడానికి మోసుకొచ్చిందే,
బండి కదిలాక మర్చిపోయిందే.
నాకు పానా పట్టడం నేర్పిన ఎకూయే
ఓ రాత్రి, లైటు లేని మోపెడ్ మీద ఇంటికొస్తూ
అలాంటిదొకటి చూడలేదు.

పోలీసులు దాన్ని గట్టున పారేస్తే
నేను తెచ్చుకున్నాను.
ఇదే అది. ఒక పక్క గ్రీజు పట్టి నల్లబడింది.
పది చక్రాల బండినైనా ఆపుతుంది.

ఇదంతా హమానికి చెప్పలేదు, అతనికి ఆలస్యమవుతోంది.
రాయిని పెట్టెలో పెట్టాను.
కొమ్మలు ఒక్కొక్కటీ ఏరి పక్కకి లాగాను,
పన్నెండు, లెక్కపెట్టి.
మోపెడ్ ఇంటివైపు తిప్పాను.

ఇప్పుడు సముద్రం నాకూ ఎడమచేతి వైపే.
ముందు ఎక్కడో అతని లారీ.
దాని వెనక దారి పొడుగునా
ఎర్రటి ఉల్లిపొరలు లేస్తూ, పడుతూ,
ఒక్కటీ బరువు లేనివి.