మేస్త్రీ మారిన కాడ

ఖైబర్ దాటినంక నేలంత నల్లరాయే.
ఎప్పుడో పొంగి గడ్డకట్టిన కొండ కడుపు.
పొద్దుగాలనే రెండు టైర్లు చీలినయి.
నా పని నీళ్ళ క్యాన్లు మోసుడు,
డ్రోన్ లేసేటప్పుడు దుమ్ముకు టార్పాలిన్ పట్టుడు.

హనూఫ్ మేడం తెర నా దిక్కు తిప్పింది.
పొడుగు పొడుగు చౌకట్లు.
ఎవరో నేలకు తలుపులు బిగిద్దామని
చేసి, పండవెట్టి, మర్సిపోయినట్టు.
ఏడువేల ఏండ్లంట.
ఎందుకు కట్టిన్రో ఎవ్వలికి తెల్వదంట.
"మీదికెళ్ళి చూస్తేనే సమజైతది" అన్నది.

నడుసుకుంట పోయిన.
కింద బొమ్మ లేదు.
మోకాలెత్తు గోడ, ప్యాంటు మడవకుండనే దాటొచ్చు.

మేం ఒల్లెపోళ్ళం.
మా నాయిన సుత్తెతో ఒక్క దెబ్బేసి, సప్పుడు ఇని,
రాయి ఎటు పలుగుతదో చెప్తుండె.
పదకొండేండ్ల సంది నేను ముట్టింది సిమెంటు ఇటుకనే.
గోడ మీద అరచెయ్యి ఆనిచ్చిన.
సుర్రుమన్నది. తియ్యలే.

గోడ పొంటి పోతాన.
సందుసందుకు చిన్న రాయి,
బొటనేలితోటి నొక్కి పెట్టినట్టు.
మంచి పనోడు, ఒక్కటి గూడ కదలలే.

ఒక్క కాడ ఆగిన.
ఆడికెళ్ళి వరుస ఒంకర,
పెద్దది మీద, చిన్నది కింద, సందులు నోర్లు తెరిసి.
ఈడ మేస్త్రీ మారిండు.
జరమొచ్చిందో, కూలి కాడ కొట్లాటనో,
గొడ్లు ఈనే యాళ్ళనో,
నేర్వకముందే కొడుకు పట్టుకున్నడో రాయి.

తలాపు అర్రల నిరుడు ఎద్దు కొమ్ములు దొరికినయంట.
అప్పుడీడ గడ్డి ఉండెనంట. నమ్మాలె.
కొమ్ములకు రంగేసిన్రా అని అడుగుదామంటే
నా అరబ్బీల కొమ్ము అనే మాట లేదు.
రెండేళ్ళు నెత్తికి పెట్టి చూపిచ్చిన.
నవ్వింది, తలకాయ ఊపింది.
రంగు సంగతి నా కాడనే ఉండిపాయె.

ఆమె కొలతలు రాసుకుంటాంది.
నేను ఒంకర రాళ్ళ కాడ కూసున్న.
ఈ గోడ కట్టినోడు దీన్ని మీదికెళ్ళి చూడలే.
రియాద్‌ల నేను కట్టిన ముప్పై రెండో అంతస్తుల
కర్టెన్లు ఏ రంగువో నాకూ తెల్వది.

"ఖలాస్, బ్యాటరీ" అన్నడు డ్రోన్ పిలగాడు.
మీది కన్ను కిందికి దిగింది.

ఒక సందురాయి ఊడి పడున్నది, బొటనేలంత.
అది ఏ సందుదో నాకు దొరికింది.
ముట్టొద్దని రూలు,
బోర్డు గూడ ఉన్నది మూడు భాషలల్ల.
ఏరుకోని గుప్పిట్ల పట్టుకున్న.
బండి హారన్ కొడుతాంది,
మళ్ళ కొడుతాంది.