బెల్లం అచ్చు లెక్క

పలమనేరు జూనియర్ కాలేజీలో
ల్యాబు నిధులు ఈ ఏడూ రాలేదు.
సంతలో రెండు బెల్లం అచ్చులు కొన్నాను,
ఒకే తూకం.
ఒకటి అట్లాగే గ్లాసులో వేశాను.
రెండోదాన్ని అటెండరు గెంగులప్ప
రాయితో నలిపి ఇచ్చాడు.
పొడి నాలుగు తిప్పులకు కరిగింది.
అచ్చు మాత్రం అడుగున కూర్చుంది,
ఎంత పిలిచినా పీట మీంచి లేవని కొత్తల్లుడిలా.

"బెల్లం అంతే ఉంది పిల్లలూ,
నీళ్ళకు తగిలే ఒళ్ళే పెరిగింది."

బోర్డు మీద ఘనం గీశాను.
పక్క రెండింతలైతే
తోలు నాలుగింతలు, లోపలి కండ ఎనిమిదింతలు.
తినే నోళ్ళు ఎనిమిదైన ఇంటికి
వాకిళ్ళు నాలుగే.

అమీబాకు ఆ బెంగ లేదు,
దాని ఒళ్ళంతా వాకిలే.
వానపాము తడి తోలుతో నెట్టుకొస్తుంది.
నిన్న వాన వెలిశాక మన మెట్ల మీద
ఎండి దారాలైపోయినవి చూశారు కదా,
చుట్టూ అంత గాలి,
తడి ఆరిపోయాక ఒక్క గుక్కా లోపలికి పోలేదు.

చివరి బెంచీలో నస్రీన్ లేచింది.
వాళ్ళ చెరకుతోట కౌండిన్య అడవి అంచున.
"మేడం, మొన్న రాత్రి ఏనుగు
మా మోటారు షెడ్డు పక్కనే నిలబడుండె.
బయటికి రాలేక దాని ఊపిరి లెక్కబెట్టినా.
నిమిషానికి పది కూడా లేదు.
మా కుందేలుపిల్లదైతే లెక్కకే అందదు."

ఆ అమ్మాయి భయంలో కూడా లెక్క తప్పలేదు.
నా పాఠం అక్కడ కాసేపు ఆగింది.

అంత కొండకు ఆ తోలు ఏ మూలకు?
అందుకే వాకిలిని లోపలికి మడుచుకుంది,
పట్టుచీరను పెట్టెలో దాచినట్టు
మడత మీద మడత,
పలచగా, తడిగా.
"మీ రొమ్ముల్లోనూ అదే చీర.
విప్పి పరిస్తే
ఇదిగో, ఈ గది నేలంత."

అందరూ కిందికి చూశారు.
గుమ్మం దగ్గర గెంగులప్ప కూడా.

కుప్పం పక్క క్వారీలో
పదకొండేళ్ళు నల్లరాయి కోసినవాడు.
మిషను ముక్కు ముందే తిరిగేది,
ముఖానికి తువ్వాలు, అంతే.
ఇప్పుడు మేడ మెట్లకు రెండుసార్లు ఆగుతాడు,
ఎవరైనా చూస్తే
చెప్పు వారు సరిచేసుకుంటున్నట్టు వంగుతాడు.
తిరపతి పెద్దాసుపత్రిలో తీసిన ఫిల్ము
ఒకసారి నాకు చూపించాడు,
నల్లని చేటలో నూకలు చల్లినట్టుంది.

"అయితే మేడం," అన్నాడు మెల్లగా,
"నా గదిలో ఎంత మిగిలుంటాది?
యాభై కిలోలు కూడా లేను.
ఇంత పిసరు ఒంటికే చాలడం లేదే."

ఘనాలకు సూత్రం ఉంది.
సుద్దముక్క నా వేళ్ళ మధ్య పొడి రాలింది.
డస్టరు ఎత్తబోయి ఆగి,
గుడ్డ తడిపి
బోర్డు తుడిచాను.

గంట కొట్టారు. కొట్టాల్సింది అతనే,
ఎవరో పిల్లాడు పరిగెత్తి కొట్టినట్టున్నాడు.

గ్లాసులు కడగడానికి తీసుకుపోతూ
గెంగులప్ప ఒక దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు.
అచ్చు ఇంకా సగం ఉంది.